డెబ్భై దాటిన అమ్మానాన్నలతో విజయవాడకు ఏ నెలలో రావాలి?

ప్రశ్న (బెంగళూరు నుంచి):
అమ్మానాన్నలకు దుర్గమ్మ దర్శనం, ఉండవల్లి గుహలు, వీలైతే బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్ చూపించాలని ఉంది. నాకు సెలవులు మే చివర్లో గానీ, అక్టోబరు చివర్లో గానీ దొరుకుతాయి. ఏది మేలు?

జవాబు (విజయవాడ, సింగ్‌నగర్):
మే మాత్రం వద్దండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, మీరు చెప్పేది సరిగ్గా ఆ రోజులే. ఫోన్‌లో 43, 44 డిగ్రీలని చూపిస్తుంది, అసలు బాధ అది కాదు. ఊళ్లోనే బండ కొండలున్నాయి. పగలంతా కాగిన రాయి రాత్రి కూడా సెగ వదులుతూనే ఉంటుంది. పదకొండింటికి గోడ మీద చెయ్యి వేసినా వెచ్చగా తగులుతుంది. పైగా ఉక్కపోత.

నిరుడు మే నెలలో మా అత్తయ్య కృష్ణలో స్నానం చేసి ఘాట్ మెట్లెక్కుతున్నారు. టైము తొమ్మిదిన్నర. ఆవిడ రెండో మెట్టు ఎక్కేసరికి మొదటి మెట్టు మీద తడి పాదం ముద్ర ఆరిపోయింది. ఐదో మెట్టు దగ్గర కూలబడిపోయారు. ఒళ్లు కాలిపోతోంది, చెమట మాత్రం లేదు. దాంతో నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తడి తువ్వాలు కప్పి ఆసుపత్రికి పరుగెత్తాం. రెండు రోజులకు కోలుకున్నారు. మీ అమ్మానాన్నలను ఆ ఎండలో నిలబెట్టకండి.

జవాబు (గుంటూరు, అరండల్‌పేట):
ఆవిడ చెప్పింది నిజం. మాకు సాయంత్రం పైరగాలి తిరిగితే ప్రాణం లేచొస్తుంది గానీ, పడమటి గాలి గట్టిగా తోలిన రోజు అదీ ఉండదు.

అక్టోబరు చివర చల్లగానే ఉంటుంది, కానీ అది వాయుగుండాల కాలం. 2025లో మోంథా తుపాను అక్టోబరు 28నే తీరం దాటింది. 2023లో మిచౌంగ్ అయితే డిసెంబరు 5న బాపట్ల దగ్గరే. అప్పుడు సూర్యలంక ప్రయాణం మానుకోవాల్సిందే. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి ఆఖరి వారంలో సెలవు పెట్టలేరా?

ప్రశ్న అడిగినవారు:
అడిగి చూస్తాను. అప్పుడు చలి ఎక్కువా?

జవాబు (విజయవాడ, సింగ్‌నగర్):
బెంగళూరు వాళ్లకు ఇది చలే కాదండి. పగలు 30 డిగ్రీల దాకా, తెల్లవారుజామున 18, 19. నాన్నగారికి ఒక మఫ్లరు చాలు. కారులో అయితే పొద్దున పొగమంచు విడిచాకే హైవే ఎక్కండి. సూర్యలంకలో అల లోపలికి లాగుతుంది, మోకాలి లోతు దాటనివ్వకండి.