స్టిర్లింగ్ కోటలో గ్రేట్ హాల్‌కు ఆ పసుపు పూయడం సరైనదేనా?

ఫోర్త్ గట్టు: ఈమధ్య స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో నుంచి రైల్లో స్టిర్లింగ్ వెళ్లొచ్చాం. కింద మెలికలు తిరిగే ఫోర్త్ నది, పైన నిట్టనిలువు బండ, దాని మీద బూడిద రంగు కోట. అందులో రాజుల విందుశాల గ్రేట్ హాల్ ఒక్కటే లేత పసుపులో మెరిసిపోతోంది. 1999లో పునరుద్ధరణ ముగించి, ఈ పూతకు "కింగ్స్ గోల్డ్" అని పేరు పెట్టారట. నాకైతే కొత్తగా కట్టిన ఫంక్షన్ హాల్‌లా అనిపించింది. పాత కట్టడాన్ని పాతగా ఉంచకూడదా?

బూడిదరాయి: నాదీ అదే బాధ. అప్పట్లో ఊరివాళ్లూ గొడవ చేశారు. వయసు కనబడని కోటను చూడ్డానికి అంత దూరం వెళ్లడం ఎందుకు?

సున్నపుబట్టీ: మీ ఇద్దరితోనూ నేను ఏకీభవించను. ఈ హాల్ స్కాట్లాండ్ రాజు నాలుగో జేమ్స్ కాలంలో, 1503 నాటికి పూర్తయింది. గోడలు నున్నగా చెక్కిన రాళ్లవి కావు, మొరటు రాళ్లవి. అలాంటి గోడకు సున్నం అలంకారం కాదు, గొడుగు. వానను ఆపుతుంది, లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. దగ్గరికెళ్లి చూడండి, పూత కింద రాళ్ల ఎగుడుదిగుళ్లు తెలుస్తూనే ఉంటాయి. పాత పూత ఆనవాళ్లు దొరికాకే ఆ రంగు ఎంచుకున్నారు. మనం "అసలు" అనుకునే బూడిద గోడ, పూత రాలిపోయాక మిగిలినది. రాజు దాన్ని చూసి ఉంటే మేస్త్రీలను పిలిపించి చీవాట్లు పెట్టేవాడు! హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల మీద సిమెంటు తీసేసి మళ్లీ గచ్చు చేసినప్పుడూ ఇలాగే "మరీ తెల్లగా ఉంది" అన్నారు.

బూడిదరాయి: సున్నం సంగతి ఒప్పుకుంటాను. కానీ సైనికుల మాటేమిటి? హాల్‌ను బ్యారక్‌గా మార్చి, లోపల అంతస్తులు వేసుకుని తరాల తరబడి ఉన్నారు. 1964 వరకూ కోట సైన్యం చేతిలోనే ఉంది. ఆ అంతస్తులన్నీ పీకేశారు. రాజుగారి విందులే చరిత్రా, జవాన్ల మంచాలు కాదా?

సున్నపుబట్టీ: ఇది గట్టి ప్రశ్న. వాళ్ల రెజిమెంట్ మ్యూజియం కోటలోనే ఉంది, కానీ అది పూర్తి జవాబు కాదు, కొంత పోయింది. అయినా ఆ అంతస్తులు ఉండి ఉంటే హాల్ ఎత్తు మనకు తెలిసేది కాదు. 1594లో యువరాజు హెన్రీ నామకరణ విందుకు చేపల వంటకాలను ఏకంగా ఓడ బొమ్మలో పెట్టి తెచ్చారు. ఇప్పుడు ఆ పొడవాటి నేల మీద నిలబడి, కొత్తగా ఓక్ దూలాలతో అల్లిన కప్పు వైపు తల ఎత్తితే, అక్కడ ఓడ ఎలా పట్టిందో అర్థమవుతుంది. నా అసంతృప్తి వేరు. చుట్టూ బూడిద, మధ్యలో ఒక్కటే పసుపు కావడం వల్లే అది ఎబ్బెట్టుగా కనిపిస్తోంది. మిగతా మొరటు గోడల్లో ఆధారం దొరికిన చోటల్లా పూత వేయాలని నేనంటాను.

ఫోర్త్ గట్టు: కోటంతానా! కనీసం హాల్‌కు ఒక పక్కైనా పూత లేకుండా వదిలి, "ఇలా ఉండేది" అని బోర్డు పెడితే?

సున్నపుబట్టీ: బోర్డు పెట్టండి, ఫొటో కూడా పెట్టండి. గోడను మాత్రం వదలొద్దు. స్కాట్లాండ్ వాన మొదట పట్టేది ఆ పక్కనే.