కందిరీగ కుట్టి చెయ్యంతా వాపు, మెడ మీద కాలినట్టు చార: ఏది ఇంట్లో చూసుకోవచ్చు, దేనికి పరిగెత్తాలి?

లంకఊరు అడిగిన ప్రశ్న:

మాది రాజోలు వైపు అండి. ఇంటికి రెండు పక్కలా వరిచేలు, వెనకాల కొబ్బరితోట. రెండు సందేహాలు.

మా తొమ్మిదేళ్ల అబ్బాయికి (26 కిలోలు) నిన్న మధ్యాహ్నం చూపుడువేలి మీద కందిరీగ కుట్టింది. నిన్న వేలు ఒక్కటే వాచింది, ఇవాళ పొద్దుటికి మణికట్టు దాటి మోచేతి వైపు ఎక్కుతోంది. ఎరుపు, వేడి, విపరీతమైన దురద. జ్వరం లేదు, అన్నం తింటున్నాడు, ఆడుకుంటున్నాడు. పెద్దవాళ్లు వేలికి సున్నం పట్టించారు. చీము పడుతుంది, యాంటీబయాటిక్ మొదలుపెట్టమని ఒకరంటే, అక్కర్లేదని ఇంకొకరు.

మా ఆవిడకి పొద్దున లేచేసరికి మెడ మీద అట్లకాడ తగిలి కాలినట్టు మూడంగుళాల చార. మంటే గాని దురద పెద్దగా లేదు. రాత్రి ఏదీ కుట్టినట్టు తెలీదట. ఇంట్లో సర్పి అంటున్నారు. నిజమేనా?

చర్మవైద్యం జవాబు:

ముందు బాబు సంగతి. కుట్టిన చోటు ఎంత వాచిందన్నదాని కన్నా, కుట్టని చోట ఏమవుతోందన్నది చూడాలి. వేలి మీద కుడితే చెయ్యంతా వాచినా అది కుట్టిన చోటి నుంచి పాకిన వాపే. పది సెంటీమీటర్లు దాటిన ఇలాంటి వాపు 24 నుంచి 48 గంటల దాకా పెరుగుతుంది, తర్వాత మెల్లగా దిగుతుంది, పూర్తిగా పోవడానికి వారం పైనే పట్టొచ్చు. రెండోరోజు పెరిగిందని భయపడి యాంటీబయాటిక్ వేస్తారు, మూడోరోజు ఎలాగూ తగ్గేదే కాబట్టి మందు పనిచేసిందనుకుంటారు. ఇది విషానికి ఒంటి అలర్జీ స్పందన, క్రిములు చేరింది కాదు.

క్రిములు చేరితే తీరు వేరు. రెండుమూడు రోజుల తర్వాత, తగ్గుతున్న వాపు మళ్లీ పెరుగుతుంది. దురద పోయి నొప్పి మొదలవుతుంది, నొక్కితే ఓర్చుకోలేరు. జ్వరం, చీము, చంక వైపు పాకే ఎర్రటి గీత, చంకలో బిళ్ల కనిపిస్తాయి. అనుమానం తీరడానికి ఇప్పుడే ఎరుపు అంచు వెంబడి బాల్‌పెన్నుతో గీసి, పక్కన టైమ్ రాయండి. 48 గంటలు గడిచాక కూడా ఎరుపు ఆ పెన్ను గీతని దాటి పోతుంటే డాక్టరుకి చూపించండి.

ఇప్పుడు చేయాల్సింది: వేలికి ఉంగరం, చేతికి కట్టిన దారం, కడియం లాంటివి ఉంటే ఈ క్షణమే తీసేయండి, వాపు పెరిగితే అవి రక్తం ఆడనివ్వవు. చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉండేట్టు దిండు మీద పెట్టండి. గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టి తీసి, కాసేపు ఆగి మళ్లీ పెట్టండి. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. సున్నం మాత్రం ఇంకెప్పుడూ వద్దండి. అది ఘాటైన క్షారం. కందిన చర్మాన్ని కాల్చి పుండు చేస్తుంది, ఆ పుండులోంచి చీము పడుతుంది, నింద కందిరీగకి పోతుంది. ఇప్పుడు ధారగా నీళ్లు పోసి కడిగేయండి. నిమ్మరసం, వెనిగర్‌తో విరుగుడు చెయ్యబోకండి.

మీ ఆవిడ మెడ మీదది సర్పి అయ్యే అవకాశం తక్కువ. సర్పి అయితే సాధారణంగా రెండుమూడు రోజుల ముందే ఆ చోట పోటు ఉంటుంది, ఒంటికి ఒకే పక్క, గుత్తులు గుత్తులుగా బొబ్బలు లేస్తాయి. నిద్ర లేచేసరికి చారలా, మంటగా కనిపించిందంటే, చేలల్లోంచి లైటుకి వచ్చే పెడెరస్ అనే పురుగు పని. యాసిడ్ పురుగని కొందరంటారు. సెంటీమీటరు లోపు పొడుగు, తల నల్లన, నడుం నారింజ, పొట్టి రెక్కలు నీలంగా మెరుస్తాయి, తోక కొస మళ్లీ నలుపు. చూడ్డానికి రెక్కల చీమలా ఉంటుంది. అది కుట్టదు, కరవదు. ఒంటి మీద పాకినప్పుడు నిద్రలో చరిస్తే నలిగి, దాని ఒంట్లోని పెడెరిన్ అనే రసం చర్మానికి అంటుతుంది. అంటినప్పుడు ఏమీ తెలీదు, సాధారణంగా ఒక రోజు గడిచాకే మంట, ఎరుపు, తర్వాత చిన్న బొబ్బలు. అంటే ఇవాళ్టి చారకి కారణం మొన్నరాత్రి పురుగు కావచ్చు. మోచేతి మడతలో తగిలితే మడతకి రెండువైపులా ఒకేలాంటి మచ్చలు పడతాయి, గుర్తుపట్టడానికి అది మంచి ఆనవాలు.

సబ్బుతో ఆ చోటు, చేతులు, దిండు గలీబు అన్నీ కడగండి. చేతికి అంటిన రసం కంటికి తగిలితే రెప్పలు వాచిపోతాయి, కన్ను ఎర్రబడితే కంటి డాక్టరుకే చూపించాలి. తడిగుడ్డ, ఆపైన మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ క్రీము రోజుకోసారి పల్చగా, అయిదారు రోజులు చాలు. మెడ చర్మం పల్చన కాబట్టి అంతకు మించి వద్దు. వారం పది రోజుల్లో పొట్టు రాలి, నల్లమచ్చ కొన్ని వారాలు ఉంటుంది.

మందులషాపు జవాబు:

మోతాదులు రాస్తున్నానండి. దురదకి సెట్రిజిన్: 26 కిలోల తొమ్మిదేళ్ల పిల్లాడికి 5 మి.గ్రా. పొద్దున, 5 మి.గ్రా. రాత్రి. సిరప్ అయితే సీసా మీద 5 మి.లీ.కి 5 మి.గ్రా. అని ఉందో లేదో చూసుకుని మూతతో కొలవండి, వంటింటి చెంచా వద్దు. రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకి 2.5 మి.గ్రా. చొప్పున రెండుసార్లు. పెద్దవాళ్లకి 10 మి.గ్రా. రోజుకి ఒకటి. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి. నొప్పికి పారాసిటమాల్ కిలోకి 15 మి.గ్రా., అంటే బాబుకి దాదాపు 390 మి.గ్రా. నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి, రోజుకి నాలుగుసార్లు మించకూడదు. పైపూతగా కాలమైన్ లోషన్, లేదా ఒక శాతం హైడ్రోకార్టిసోన్.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. దురద అనగానే షాపులో క్లోబెటాసాల్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీము చేతిలో పెడతారు. కొనకండి. అందులోని క్లోబెటాసాల్ చాలా బలమైన స్టెరాయిడ్. రెండురోజుల్లో దురద ఆగుతుంది కాబట్టి జనం వదలరు, నెలల తరబడి పూస్తే చర్మం పల్చబడి చారలు పడతాయి. అది పురుగు కాటు కాక తామర అయితే, ఎరుపు కనబడనివ్వకుండా లోపల్లోపల పాకిస్తుంది.

పీహెచ్‌సీనర్సు జవాబు:

డాక్టరు గారు కుట్టని చోట చూడమన్నారు కదా, ఆ సగం నేను పూర్తి చేస్తాను. కుట్టిన కొద్ది నిమిషాల నుంచి గంట లోపు ఒళ్లంతా దద్దుర్లు లేచాయా, పెదాలు, నాలుక వాచాయా, గొంతు బొంగురుపోయిందా, పిల్లికూతలతో ఆయాసం వస్తోందా, వాంతులు, కడుపులో మెలి, కళ్లు తిరగడం ఉన్నాయా? ఊపిరికి, బీపీకి సంబంధించినది ఒక్కటి కనిపించినా అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ) అనుకునే 108కి ఫోన్ చేయండి. దద్దుర్లు లేకుండా నేరుగా బీపీ పడిపోయే వాళ్లూ ఉంటారు.

దీనికి మొదటి మందు అడ్రినలిన్ ఒక్కటే. మి.లీ.కి 1 మి.గ్రా. ఉండే ఆంపుల్, కిలోకి 0.01 మి.గ్రా. లెక్కన తొడ బయటివైపు మధ్యలో కండరంలోకి. పిల్లలకి 0.3, పెద్దలకి 0.5 మి.గ్రా. మించకుండా. తగ్గకపోతే అయిదు నిమిషాలకి మళ్లీ. మన ఊళ్లలో జరిగే పెద్ద పొరపాటు అవిల్ (అలర్జీ మందు), డెక్సా (స్టెరాయిడ్) ఇచ్చి పడుకోబెట్టి చూడటం. అవిల్ దద్దుర్లు, దురద తగ్గిస్తుంది. పడిపోయిన బీపీని ఎత్తదు, మూసుకుపోతున్న గొంతుని తెరవదు. డెక్సా పనిచేయడానికే గంటలు పడుతుంది. దద్దుర్లు మాయమయ్యేసరికి అందరూ కుదుటపడతారు, ఆ టైములోనే ప్రాణం మీదికి వస్తుంది.

108 వచ్చేలోపు మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి. ఆయాసం ఎక్కువైతే కూర్చోబెట్టండి. వాంతి అవుతుంటే, లేదా గర్భిణి అయితే ఎడమపక్కకి తిప్పండి. బైకు మీద మధ్యలో నిలువునా కూర్చోబెట్టి తీసుకుపోవద్దు. బీపీ పడిపోయిన మనిషిని లేపి నిలబెడితే గుండె ఆగిపోవచ్చు. లంకల్లో వాళ్లు రేవు దాటాలి కాబట్టి దద్దుర్లతో పాటు ఒక్క వాంతి అయినా ఆగకుండా బయల్దేరండి. తగ్గాక కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచాలి, మందు దిగాక కొందరికి రెండోసారి తిరగబెడుతుంది.

లంకఊరు:

చాలా థాంక్స్ అండి. సున్నం కడిగేశాం, గీత గీశాం. మా నాన్నగారు బీపీకి అటెనొలాల్ వాడతారు, తోటలో తేనెపట్టు ఉంది. ఆయనకి కుడితే వేరే జాగ్రత్త ఏమైనా ఉందా?

చర్మవైద్యం:

ఉందండి. అటెనొలాల్, ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లు వేసుకునేవాళ్లలో అడ్రినలిన్ సరిగ్గా పట్టకపోవచ్చు, అప్పుడు గ్లూకగాన్ అనే ఇంజెక్షన్ వాడాల్సి వస్తుంది. కాబట్టి ఆసుపత్రిలో ముందు మాటగా ఆ మాత్ర పేరు చెప్పండి. అలాగని మాత్ర మీకు మీరే ఆపొద్దు. తేనెటీగ అయితే ముల్లు చర్మంలోనే దిగబడి విషం దింపుతుంటుంది, గోటితో గీకుతారో పీకుతారో, క్షణాల్లో తీసేయడమే ముఖ్యం. కందిరీగ, కణుజు ముల్లు వదలవు, మళ్లీ మళ్లీ కుడతాయి. పదుల సంఖ్యలో కుడితే అలర్జీ లేకపోయినా ఆసుపత్రికి పోవాల్సిందే. మూత్రం డికాక్షన్ రంగులో వచ్చిందంటే కండరాలు, కిడ్నీలు దెబ్బతింటున్నట్టు.

కొబ్బరిదింపు జవాబు:

తోట సంగతి వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. మునగ చెట్టు గొంగళిపురుగులు, కొబ్బరాకు మీద ముళ్ల గొంగళి తగిలితే ముందు రుద్దకండి, నీళ్లు పోయకండి. సెల్లోటేపు అతికించి పీకితే నూగు దాంతో వచ్చేస్తుంది. కొత్త ముక్కతో నాలుగైదు సార్లు చేసి, అప్పుడు సబ్బుతో కడగండి. ఆ బట్టలు విడిగా ఉతకండి.

చేలో వాళ్లు పెడెరస్ కనపడగానే మందు కొట్టొద్దండి. అది వరికి చేటు చేసే సుడిదోమని తినే మిత్రపురుగు. రాత్రి మంచం దగ్గర ట్యూబులైటు ఆపి, వరండాలో దూరంగా ఒకటి వెలిగించుకుని, దోమతెర అంచు పరుపు కిందికి దోపండి. ఒంటి మీద పాకితే చరచకుండా ఊదండి, లేదా కాగితం మీదికి ఎక్కించి పారేయండి.

బోదకాలు ఉన్నవాళ్లు మన గోదావరి జిల్లాల్లో ఇంకా ఉన్నారు. ఆ కాలి మీద దోమకాటు గీరినా క్రిములు చేరి చలిజ్వరంతో వాపు వస్తుంది, కాబట్టి రోజూ సబ్బుతో కడిగి వేళ్ల సందులు పొడిగా తుడవాలి, గోళ్లు పొట్టిగా ఉంచాలి. గట్టు మీద గడ్డిలో కూర్చుని వచ్చాక జ్వరం అయిదు రోజులు దాటినా దిగకపోతే చంక, గజ్జ, బొడ్డు చుట్టూ, మొలతాడు కింద వెతకండి. నొప్పీ దురదా లేని నల్లటి పక్కు కనిపిస్తే గడ్డిలోని సన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావచ్చు, డాక్టరుకి అది చూపించే చెప్పండి. సకాలంలో డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పడితే రెండుమూడు రోజుల్లో జ్వరం దిగుతుంది.