థర్డ్ పార్టీ కుకీలు పోలేదు కదా, ప్రకటనదారులు ఇంకా ఎందుకు భయపడాలి?

చిరువ్యాపారి:
ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునే చిన్న సంస్థ మాది. క్రోమ్ బ్రౌజర్‌లో థర్డ్ పార్టీ కుకీలను, అంటే మనం చూస్తున్న సైటు కాక వేరే సంస్థ మన జాడ తీయడానికి బ్రౌజర్‌లో దాచే గుర్తులను, రెండేళ్లలో ఎత్తేస్తామని గూగుల్ 2020 జనవరిలో చెప్పింది. ఆ గడువు 2023కు, 2024కు, 2025కు జరుగుతూ వచ్చింది. చివరకు 2025 ఏప్రిల్‌లో, ఉన్నది ఉన్నట్టే ఉంచుతామని, వాడేవారిని అడిగే ప్రత్యేక సందేశం కూడా పెట్టబోమని తేల్చేసింది. మా ప్రకటనలు చూసే ఏజెన్సీ మాత్రం ‘కుకీల కాలం చెల్లిపోయింది, కొత్త ఏర్పాట్లకు డబ్బు పెట్టండి’ అని ఇప్పటికీ వెంటపడుతోంది. పోనిదాని కోసం ఖర్చు ఎందుకు?

అంకెల మేస్త్రి:
క్రోమ్‌లో పోలేదు. మిగతాచోట్ల పోయి చాలా కాలమైంది. సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలన్నిటినీ అడ్డుకుంటోంది. ఫైర్‌ఫాక్స్ 2019లోనే జాడ తీసే కుకీలను ఆపడం మొదలుపెట్టింది. మీ కొనుగోలుదారుల్లో ఐఫోన్ వాడేవారు ఎంతమందో చూసుకోండి, వారి విషయంలో కుకీలు ఎప్పుడో పోయాయి.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా అందరూ రీటార్గెటింగ్ గురించే మాట్లాడతారు. చెప్పులు చూసి వెళ్లిన మనిషికి వార్తల సైటులో అవే చెప్పులు కనిపించడమన్నమాట. అది పోతే పోయింది. నన్ను అడిగితే అసలు దెబ్బ లెక్కకు తగిలింది. ఒకే మనిషి పది సైట్లు తిరిగితే, కుకీ లేని బ్రౌజర్‌లో ప్రకటన సంస్థకు పదిమంది కొత్తవాళ్లు కనిపిస్తారు. ‘ఒక్కొక్కరికి మూడుసార్లకు మించి చూపవద్దు’ అని మీరు పెట్టిన హద్దు అక్కడ పనిచేయదు. ప్రకటన ఎంతమందికి చేరిందో చెప్పే అంకె ఉబ్బుతుంది. వారం క్రితం ప్రకటన చూసి, ఇవాళ నేరుగా మీ సైటుకు వచ్చి కొన్నా ఆ ప్రకటనకు మార్కులు పడవు. అప్పుడు ఏజెన్సీ ఏం చేస్తుంది? లెక్క కనిపించే క్రోమ్ వైపు డబ్బు తోస్తుంది. సఫారీ వాడేవారు కొనడం లేదని కాదు, కొన్నట్టు తెలియడం లేదంతే.

గోప్యతావాది:
ఆ లెక్క ముందు మాత్రం నిజమా? కొందామని వస్తువును బుట్టలో వేసుకున్న మనిషి వెంట ప్రకటన పంపి, కొన్నాక ‘మా వల్లే’ అని రాసుకోవడమేగా! ఈబే 2012లో తన పేరుతోనే వెతికేవారికి చూపే ప్రకటనలను రెండు సెర్చ్ ఇంజిన్లలో ఆపి చూసింది. పోవలసిన క్లిక్కులు దాదాపు అన్నీ ఉచిత ఫలితాల మీదుగా వచ్చేశాయి. కుకీలు పోతే ప్రకటనదారుకు పోయేది భ్రమే.

సైటు నిర్వాహకుడు:
గోప్యతావాది గారూ, ఆ ఉదాహరణ ఇక్కడ అతకదు. అది సెర్చ్ ప్రకటన, పైగా అందరికీ తెలిసిన పేరు. పేరే తెలియని దుకాణం ప్రకటనలు ఆపేస్తే దాన్ని వెతుక్కుంటూ ఎవరు వస్తారు?

మా వైపు బాధ వేరు. సఫారీ పాఠకుడు ఎవరో ప్రకటన చోటు కొనేవారికి తెలియదు కాబట్టి ప్రకటనల వేలంలో ఆ పేజీకి తక్కువ ధర పలుకుతుంది. అలాగని ప్రకటనదారుకు డబ్బు మిగలదు, లాగిన్ ఉన్న పెద్ద వేదికలకు పోతుంది. యాప్‌లు జాడ తీయాలంటే అనుమతి అడిగి తీరాలని ఆపిల్ 2021 ఏప్రిల్‌లో నియమం పెట్టింది. దానివల్ల 2022లో సుమారు 1000 కోట్ల డాలర్ల ఆదాయం తగ్గుతుందని మెటా చెప్పింది. అంత దెబ్బ తిని కూడా నిలదొక్కుకుంది, సొంత సమాచారం ఉంది గనుక. చిన్న ప్రకటన నెట్‌వర్కులకు ఆ ఊరట ఎక్కడిది? బ్రౌజరూ ప్రకటనల సంతా ఒకే చేతిలో ఉన్నాయనే కదా బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ 2022 ఫిబ్రవరిలో గూగుల్ నుంచి హామీలు తీసుకున్నది! తీరా చూస్తే, కుకీలకు బదులుగా తెచ్చిన టాపిక్స్ వంటి పద్ధతులను మూసేస్తున్నట్టు 2025 అక్టోబరులో గూగులే ప్రకటించింది. వాటిని నమ్మి కోడ్ రాసుకున్నవారి శ్రమకు ఎవరు జవాబుదారీ?

చిరువ్యాపారి:
చరిత్ర సరే. మా ఏజెన్సీ అడుగుతున్నవి రెండు. కొనుగోళ్ల సమాచారాన్ని మా సర్వర్ నుంచి నేరుగా ప్రకటన వేదికకు పంపడం, కొన్నవారి ఈమెయిళ్లను హ్యాష్ చేసి, అంటే చదవడానికి వీల్లేని అక్షరాల వరుసగా మార్చి, వేదిక దగ్గరున్నవాటితో జతపరచడం. ఏది చేయాలి?

అంకెల మేస్త్రి:
మొదటిది చేయండి. పేజీలోని స్క్రిప్టు పెట్టిన మీ సొంత కుకీకి కూడా సఫారీ ఏడు రోజులకు మించి ఆయుష్షు ఇవ్వదు, కాబట్టి బ్రౌజర్‌నే నమ్ముకుంటే కుదరదు. రెండోది అనుమతి ఇచ్చినవారి వరకే. ఇక ప్రకటన నిజంగా పనిచేసిందో లేదో తేలాలంటే కొన్ని ప్రాంతాల్లో కొన్ని వారాలు ఆపి, మిగతా ప్రాంతాల అమ్మకాలతో పోల్చి చూడండి. దానికి కుకీ అక్కర్లేదు. అయితే రోజుకు నాలుగైదు ఆర్డర్లే వచ్చే దుకాణంలో ఆ తేడా నిజమో గాలివాటమో చెప్పలేం.

గోప్యతావాది:
హ్యాష్ అనగానే మనిషి గుర్తు చెరిగిపోయినట్టు మాట్లాడకండి. ఒకే పద్ధతిలో ఒకే ఈమెయిలును ఎక్కడ హ్యాష్ చేసినా అదే ఫలితం వస్తుంది, రెండువైపులా జతపడేది అందుకే. కుకీనైతే చెరుపుకోవచ్చు, ఈమెయిలు ఎంతమంది మార్చుకుంటారు? ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి!

అంకెల మేస్త్రి:
అనుమతి ఉంటేనే అన్నాను కదండీ.

గోప్యతావాది:
తెర నిండా పెద్ద అక్షరాలతో ‘అంగీకరిస్తున్నాను’. ‘వద్దు’ అనేది రెండు తెరలు దాటాక, బూడిదరంగులో. దాన్నేనా అనుమతి అంటున్నారు?

చిరువ్యాపారి:
మీరిద్దరూ తేల్చుకునేలోగా, పోయిన మూడు నెలల నివేదికను బ్రౌజర్ల వారీగా విడదీసి ఇమ్మని ఏజెన్సీని అడుగుతాను. అందులోని సఫారీ అమ్మకాలకూ, మా ఆర్డర్ల పట్టికలో ఐఫోన్ల నుంచి వచ్చినవాటికీ పొంతన కుదరకపోతే సర్వర్ పని మొదలుపెడతాం. ఈమెయిళ్ల సంగతి ఇప్పట్లో లేదు.