బాలింతకు సెర్ట్రలీన్ రాశారు, పాలివ్వొచ్చా?

చెల్లికి కాన్పై రెండో నెల. పాప పడుకున్నా దీనికి నిద్ర పట్టదు, ఊరికే ఏడుపు. డాక్టరుగారు సెర్ట్రలీన్ 50 అని డిప్రెషన్ మందు రాశారు. అమ్మేమో "బాలింతకు పిచ్చి మందులేంటే, పథ్యం చేస్తే చాలు" అంటోంది. పాలు మాన్పించాలా?

జవాబు:
తెనాలిలో మందుల షాపు నాది, ఫార్మసిస్టుని. మాన్పించక్కర్లేదమ్మా. పాలలోకి వెళ్లేది చాలా తక్కువ. పాలిచ్చే తల్లులకు తరచూ దీన్నే రాసేది అందుకే. మొదట్లో వికారం, తలనొప్పి ఉండొచ్చు. గుణం తెలియడానికి 2 నుంచి 4 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చాలామంది పదో రోజుకే "పనిచేయట్లేదు" అని స్ట్రిప్పు వెనక్కి తెస్తారు. నేను తీసుకోను, కూర్చోబెట్టి మాట్లాడతా. బాగైందని సొంతంగా ఆపొద్దు. ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాడుతోందా? కలిస్తే రక్తస్రావం ముప్పు. చావు మాటలు, బిడ్డ మీద భయపెట్టే మాటలు వస్తే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి. ఒంటరిగా వదలకండి.

మరొకరు:
టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా సరే. మా వదినకు నేనే కలిపిచ్చా.

అడిగినవారు:
నడుం నొప్పికి ఇబుప్రోఫెన్ వేస్తోందండీ!

ఫార్మసిస్టు:
పారాసిటమాల్‌కు మార్చొచ్చేమో డాక్టరుగారిని అడగండి. ఈసారి మందులకు వెళ్లేటప్పుడు అమ్మగారినీ షాపుకి తీసుకెళ్లండి, పథ్యం సంగతీ అక్కడే తేలుతుంది.