“మతములన్నియు మాసిపోవును”: ఈ పాదంలో ‘మతము’ ఏది?

ప్రవాసి (న్యూజెర్సీ): మా తెలుగు సంఘం సంచికకు ఒక వ్యాసం రాస్తున్నాను. బడిపిల్లలు ఏ బైబిలు చదవాలన్న తగవు ముదిరి, 1844 మే నెలలో ఫిలడెల్ఫియాలో రెండు క్యాథలిక్ చర్చీలను తగలబెట్టేదాకా వెళ్లింది. 2024 జూన్‌లో లూసియానా రాష్ట్రం ప్రతి ప్రభుత్వ పాఠశాల తరగతి గదిలోనూ పది ఆజ్ఞల పటం పెట్టాలని చట్టం చేసింది. ఈ రెంటికీ ఉన్న చుట్టరికం చూపడం నా ఉద్దేశం. పైన గురజాడవారి పాదం వేద్దామంటే ఒక అక్షరం దగ్గర ఆగిపోయాను. “మాసిపోవును” అని నేనూ, “మాడిపోవును” అని మా అన్నగారూ పట్టుబడుతున్నాం.

ఛందోభ్రమ: మాసి అన్నా మాడి అన్నా మూడు మాత్రలే కనుక ఈ పాదం నడిచే ముత్యాలసరం ఛందస్సు ఈ తగవు తీర్చదు. అయితే “జ్ఞానమొక్కటి నిలిచి వెలుగును” అని వెంటనే వస్తోంది గదా, వెలగడానికి ఎదురు నిలిచేది మాయడమే గాని మాడడం కాదు. నన్నడిగితే అసలు అనుమానం “అన్నియు”నా “అన్నీ”నా అన్నదాని మీద రావాలి. అక్కడా మాత్రలు సమానమే.

విజయనగరవాసి: “మాసి” అన్నదే పాఠం, అందులో సందేహం లేదు. కానీ మాయడంలో రెండు అర్థాలున్నాయి. మచ్చ మాసిందంటే కనబడకుండా పోయిందని. బట్ట మాసిందంటే మురికి పట్టిందని. మొదటిది తీసుకుంటే ఈ పాదం జోస్యం, రెండోది తీసుకుంటే నింద. 1910లో హేలీ తోకచుక్కను చూసి లోకమంతా కీడు శంకిస్తుంటే, దాన్ని భూమికి దూరబంధువన్న కవి ఆయన. అటువంటి మనిషి నింద కోసం ఈ మాట వేశాడంటే నేను ఒప్పుకోను. పైగా ముందు చరణంలో “వర్ణభేదము లెల్ల కల్లై” అని ఉండనే ఉంది.

నిఘంటుప్రియ: మీరంతా క్రియాపదాన్ని పట్టుకున్నారు; చిక్కు నామవాచకంలో ఉంది. మతమంటే మొదట అభిప్రాయం. అభిమతం, సమ్మతం, “అది నా మతం” అన్న వాడుకలన్నీ అక్కడివే. అద్వైతమతం, ద్వైతమతం అన్నప్పుడు ఒకే ఉపనిషత్తులను భిన్నంగా చదివిన వారి సిద్ధాంతాలని అర్థం. ప్రవాసిగారి ఫిలడెల్ఫియా సంగతికి ఈ పాత అర్థమే సరిగ్గా నప్పుతుంది. అక్కడ తలపడినవారు ఇరువురూ క్రైస్తవులే. బడిలో చదివించేది ప్రొటెస్టెంట్లు వాడే కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలు. తమ పిల్లలను క్యాథలిక్కుల అనువాదమైన డూయే బైబిలు చదువుకోనివ్వమని క్యాథలిక్ బిషప్ కెన్రిక్ పాఠశాలల మండలిని కోరారు. “బైబిలునే బడినుంచి గెంటేస్తున్నారు” అని దాన్ని ఊరంతా చాటి, క్యాథలిక్కులైన ఐరిష్ వలసదారుల మీదికి జనాన్ని ఎగదోశారు. సెయింట్ అగస్టీన్ చర్చితోపాటు అక్కడి గ్రంథాలయం కూడా కాలిపోయింది. గ్రంథం కోసమని మొదలైన గొడవ గ్రంథాలనే తినేసిందన్నమాట.

బయూవాసి (లూసియానా): మా పిల్లల బడుల సంగతి గనుక చెబుతున్నాను. చట్టం పటం కొలతను కూడా నిర్ణయించింది: కనీసం 11 అంగుళాలకు 14 అంగుళాలు. పాఠం కూడా చట్టంలోనే ఉంది, అది కింగ్ జేమ్స్ ఫక్కీలోని ఇంగ్లీషు. పది ఆజ్ఞల లెక్క యూదులకు ఒక తీరు, క్యాథలిక్కులకూ లూథరన్లకూ ఒక తీరు, మిగిలిన ప్రొటెస్టెంట్లకు ఇంకో తీరు. విగ్రహాలు చేయవద్దన్నది విడి ఆజ్ఞా, మొదటిదానిలో భాగమా అన్నది శతాబ్దాల నాటి తగవు. కెంటకీలో ఇటువంటి చట్టాన్నే 1980లో సుప్రీంకోర్టు కొట్టివేసింది, ఇదీ కోర్టుకెక్కింది. పటం పెట్టాలా వద్దా అన్నదాని మీదే టీవీలు అరుస్తాయి. ఎవరి పాఠం పెట్టారన్న 1844 నాటి ప్రశ్న ఎవరి నోటా రాదు.

ఛందోభ్రమ: పాఠభేదమంటే ఆరో ఆజ్ఞ ఉండనే ఉంది. కింగ్ జేమ్స్‌లో ‘చంపవద్దు’ అన్నంత వెడల్పుగా ఉంటుంది. యూదుల ఇంగ్లీషు అనువాదాలు ‘హత్య’కు పరిమితం చేస్తాయి. మన తెలుగు బైబిలు “నరహత్య చేయకూడదు” అని మధ్యేమార్గం పట్టింది.

నిఘంటుప్రియ: మధ్యేమార్గమని అనలేము. కోడిని కోయడం అందులోకి రాదు, యుద్ధంలో చంపడం రావచ్చు. అంటే తగవు ఇంకో చోటికి జరిగిందంతే.

కృష్ణాతీరం: “పరమత సహనం” అన్న మాట వ్యాసంలో వాడకండి, ప్రవాసిగారూ. సహించడమంటే ఓర్చుకోవడం, ఓర్చుకునేవాడు ఎప్పుడూ పైమెట్టు మీదే ఉంటాడు. 1776లో వర్జీనియా హక్కుల ప్రకటన చిత్తులో జార్జ్ మేసన్ రాసినది ఈ సహనం మాటే. తర్వాత అమెరికా అధ్యక్షుడైన, అప్పటికి పాతికేళ్లవాడైన జేమ్స్ మాడిసన్ దాన్ని తీయించి, స్వేచ్ఛగా ఆచరించే హక్కు అందరికీ సమానమని మార్పించాడు. ఆ దిద్దుబాటు విలువ తెలియాలంటే 1660లో బోస్టన్‌లోని ప్యూరిటన్లు అనే ప్రొటెస్టెంట్ శాఖవారు, క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖకు చెందిన మేరీ డయర్‌ను ఉరితీసిన సంగతి చూడాలి. తమ విశ్వాసాన్ని ఇంగ్లండు సహించలేదని ఓడలెక్కి వచ్చినవారే, తామే పైమెట్టు ఎక్కగానే ఆమెను సహించలేకపోయారు.

ప్రవాసి: అలాగైతే నా శీర్షికలో ‘అసహనం’ కూడా పోవాలి గదా! దానికి బదులు ఏం వేయమంటారు?

కృష్ణాతీరం: ‘మతావేశం’ వేయండి.

నిఘంటుప్రియ: అందులోనూ మతమే ఉంది. ఏ అర్థంలో?

విజయనగరవాసి: ఏ అర్థమైనా సరే, గురజాడ “మాసిపోవును” అని భవిష్యత్తులో పెట్టాడు. బోస్టన్, ఫిలడెల్ఫియా, లూసియానా వరస చూస్తే మురికి పట్టడమన్న రెండో అర్థమే మీ వ్యాసానికి అక్కరకొచ్చేటట్టుంది. కాని కవి మీద ఆ అర్థాన్ని రుద్దడానికి మాత్రం నేను అడ్డం పడతాను.

ఛందోభ్రమ: “అన్నియు” సంగతి ఇంకా తేలలేదు. ఈ పద్యం అచ్చయిన 1910 నాటి ఆంధ్రభారతి పత్రిక ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పుట ఫొటో పెట్టండి.