తిమింగల సొరను అక్వేరియంలో ఉంచడం సబబేనా?

నీలికెరటం:
పోయిన వారం పిల్లల్ని తీసుకుని ఒక పెద్ద అక్వేరియం చూసొచ్చాం. గాజు సొరంగంలో నిలబడ్డప్పుడు తిమింగల సొర (వేల్ షార్క్ అనే పెద్ద చేప) మా నెత్తిమీదుగా సాగిపోయింది. ఒళ్లంతా తెల్లచుక్కలు, బల్లపరుపు తల. మా చిన్నది నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. తర్వాత నేను బల్లమీద కూర్చుని చాలాసేపు చూశా. అది ఒకే దారిలో తిరుగుతోంది. అదే మూల, అదే మలుపు. ఏడు చుట్లు లెక్కపెట్టాక ఇక చూడలేకపోయా. టికెట్ కొని దీన్ని చూడటం తప్పా? మీరేమంటారు?

ఇద్దరమ్మాయిల నాన్న:
తప్పేమీ కాదండీ. మన పిల్లల్లో ఎంతమంది నడిసముద్రంలోకి వెళ్లి దాన్ని చూడగలరు? కంటితో చూడనిదాని మీద మమకారం పుట్టమంటే ఎక్కణ్నుంచి పుడుతుంది? ఇంకో సంగతి. అట్లాంటాలోని జార్జియా అక్వేరియం మొదట్లో తిమింగల సొరల్ని తైవాన్ నుంచి తెచ్చుకుంది. అప్పట్లో అక్కడ వాటిని మాంసం కోసం పట్టేవాళ్లు, ఏటా ఇన్ని అని కోటా ఉండేది. ఆ కోటాలోవే ఇవి. అక్వేరియానికి రాకపోతే చేపల మార్కెట్‌కి పోయేవి. అలాంటప్పుడు దాన్ని బతికించారనాలా, బంధించారనాలా?

పగడాలపిచ్చి:
అన్నా, మీరు చెప్పిన కోటా సంగతి నిజమే. మిగతా సగం కూడా చెప్పాలి. 2005లో అలా వచ్చిన రెండు మగ సొరలూ 2007లోనే చనిపోయాయి, ఒకటి జనవరిలో, ఒకటి జూన్‌లో. ఇక 2008 నుంచి తైవాన్ ఆ వేటనే పూర్తిగా ఆపేసింది. కాబట్టి 'మార్కెట్‌కి పోయేదాన్ని కాపాడాం' అనే మాట అప్పటికే చెల్లుతుంది, ఇప్పటికి చెల్లదు.

అక్వేరియంలో పెడితే ఏదీ బతకదు అని మాత్రం నేననను. జపాన్‌లోని ఒకినావా చురౌమి అక్వేరియం వాళ్ల దగ్గర 1995లో చేరిన మగ తిమింగల సొర దశాబ్దాలు బతికింది. వాళ్ల శ్రద్ధకు దణ్ణం పెట్టాలి. కానీ ఎన్నాళ్లు బతికిందన్నది ఒక లెక్క, ఎలా బతికిందన్నది ఇంకో లెక్క. అక్కడి పెద్ద తొట్టి పొడవు 35 మీటర్లు, లోతు 10 మీటర్లు. మనకది సముద్రంలాగే కనిపిస్తుంది. అదే సొర బయట ఉంటే వెయ్యి మీటర్లకు మించిన లోతుకు మునుగుతుంది. నీలికెరటం గారు లెక్కపెట్టిన ఆ ఏడు చుట్లకు కారణం ఇదే. తొట్టి ఎంత పెంచినా ఆ లోతు రాదు.

అమెరికాలోని మాంటెరీ బే అక్వేరియం వాళ్లు 2004లో తెల్ల సొర పిల్లను ఒకదాన్ని 198 రోజులు ఉంచారు. అది తోటి సొరల్ని చంపడం మొదలుపెట్టాక తీసుకెళ్లి సముద్రంలో వదిలేశారు. ఆ తర్వాత ఇంకొన్నిటిని తెచ్చి చూసినా 2011తో ఆపేశారు. తెల్ల సొర లేనంత మాత్రాన అక్కడికి జనం రావడం మానలేదు.

అలాగని నేను అక్వేరియాలకు విరోధిని కాను, వాటి మీద ప్రాణం పెట్టుకున్న మనిషిని. జెల్లీ ఫిష్ తొట్టి ముందు గంటసేపు నిలబడి చూశారా ఎప్పుడైనా? గాజుగిన్నెలాంటి ఒళ్లు, నడిమధ్యన నాలుగు లాడాల గుర్తులు, ముడుచుకుంటూ విచ్చుకుంటూ పోతుంటాయి. ఆ తొట్టికి మూలలుండవు. మూలలుంటే అవి అక్కడ చిక్కుకుని చిరిగిపోతాయి. అందుకే గుండ్రంగా కట్టి, నీరు మెల్లగా సుడి తిరిగేలా చేస్తారు. ఆ జీవికి ఏం కావాలో తెలుసుకుని కట్టిన ఇల్లది. 2019లో ఫ్లోరిడా అక్వేరియం వాళ్లు లండన్ హార్నిమన్ మ్యూజియం వాళ్లతో కలిసి, అంతరించిపోతున్న అట్లాంటిక్ స్తంభపు పగడాల చేత తొట్టిలోనే గుడ్లు పెట్టించారు. దానికోసం వెన్నెలతో సహా, ఋతువుల వెలుతురూ వేడీ లోపలే సృష్టించారు. నా టికెట్ డబ్బు ఇలాంటి పనికి పోతుందంటే ఏడాదికి పదిసార్లు కొంటా. నడిసముద్రంలో తిరిగే పెద్ద ప్రాణుల్ని కొత్తగా తేవడం మాత్రం ఆపాలి.

వానచినుకు:
అక్కా, ఒక్కమాట. పెద్దదాని బాధ కంటికి కనిపిస్తుంది కాబట్టి అడుగుతున్నాం. మరి చిన్నవాటి సంగతి? పగడాల తొట్టిలో మెరిసే ఆ పసుపు టాంగ్ చేపను మనుషుల దగ్గర పెంచి పెద్దచెయ్యడం హవాయిలో 2015లో గానీ సాధ్యపడలేదు. అంతవరకు మనం చూసిన ప్రతి పసుపు టాంగూ సముద్రంలోంచి పట్టి తెచ్చిందే. ఇప్పటికీ తొట్టెల్లో ఉండే ఉప్పునీటి చేపల్లో చాలా రకాలు అలా వచ్చేవే. దారిలో చచ్చేవి ఎవరి కంటా పడవు. చిన్నవి కదాని వాటిని లెక్కలోంచి తీసేస్తే న్యాయమా?

పగడాలపిచ్చి:
న్యాయం కాదు. నేను రాసినప్పుడు అది ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నా. తొట్టి వాటికి సరిపోతుందా అనే చూశాను, అక్కడికి ఎలా చేరాయన్నది చూడలేదు. అందుకే వెళ్లినప్పుడు సిబ్బందిని అడగాలి: ఇది ఇక్కడ పుట్టిందా, పట్టి తెచ్చిందా? తెస్తే ఏ పద్ధతిలో పట్టారు? కొన్నిచోట్ల సయనైడ్ చల్లి, మత్తెక్కిన చేపల్ని ఏరుకునేవాళ్లున్నారు, దానివల్ల పగడం కూడా చస్తుంది. సముద్రపు గుర్రాలూ క్లౌన్ చేపలూ చాలాచోట్ల అక్వేరియాల్లోనే పిల్లలు పెడుతున్నాయి. అలాంటివి ఏ తొట్టిలో ఉన్నాయో సిబ్బంది సంతోషంగా చూపిస్తారు. నాకు ఒకరు సముద్రపు గుర్రం మగదాని పొట్ట సంచిని టార్చి కూడా వెయ్యకుండా, దగ్గరికి పిలిచి మరీ చూపించారు. వెలుతురు పడితే బెదురుతుందన్నారు.

ఇద్దరమ్మాయిల నాన్న:
2008 వేట నిషేధం సంగతి నాకు తెలియదమ్మా. ఆ ఒక్క వాదన వెనక్కి తీసుకుంటున్నా. పిల్లలకు చూపించాలన్న మాట మీద మాత్రం ఉన్నాను. మా పెద్దదానికి సముద్రం మీద ఇష్టం పుట్టిందే ఒక టేకు చేప వల్ల. అది అద్దానికి ఆనుకుని పైకి పాకుతుంటే, కింది వైపున్న నోరు చూసి అది నవ్వుతోందనుకుంది.

నీలికెరటం:
అందరికీ కృతజ్ఞతలు. నెలాఖరున పిల్లల్ని మళ్లీ తీసుకెళ్తున్నా. ఈసారి సొరంగంలోకి కాదు, ముందు జెల్లీ ఫిష్ దగ్గరికి. పగడాలపిచ్చి గారు చెప్పిన రెండు ప్రశ్నలూ మా చిన్నది తన నోటుబుక్కులో రాసుకుంది, తనే అడుగుతుందట. అక్కడివాళ్లు ఏం చెప్పారో వచ్చి ఇక్కడే రాస్తా.