సముద్రంలో పెరిగిన చేప ఉప్పు పట్టిస్తే ఎందుకు ఎండుతుంది?

ప్రశ్న (పెదజాలరిపేట, విశాఖ):
మా అమ్మ నలభై ఏళ్లుగా ఉప్పుచేప చేసి అమ్ముతోంది. నిన్న రాత్రి కానాగంతల పొట్ట చీరి, పేగులు తీసి, కల్లుప్పు దట్టంగా పట్టించి తొట్టిలో పేర్చింది. పొద్దున్న మూత తీస్తే అడుగున మూడు వేళ్ల లోతు నీళ్లు ఊరాయి. మేం చుక్క నీరు పోయలేదు. తొమ్మిదో తరగతి చదివే మా పాప చూసి "ఇది ద్రవాభిసరణ నాన్నా" అంది. వెంటనే తనే, "మరి ఈ చేప పుట్టి పెరిగిందే ఉప్పునీళ్లలో కదా, అప్పుడెందుకు ఎండిపోలేదు?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (జువాలజీ లెక్చరర్‌గా రిటైరయ్యాను, ఎంవీపీ కాలనీ):
పాప పట్టుకోవలసిన చోటే పట్టుకుంది. కణం పొర నీటిని పోనిస్తుంది, ఉప్పుని అంత తేలిగ్గా పోనివ్వదు. అందుకని ఉప్పు ఎక్కువున్న వైపుకి నీరు నడుస్తుంది, పాప చెప్పిన ద్రవాభిసరణ అంటే ఇదే. సముద్రపు నీటిలో లీటరుకి 35 గ్రాముల ఉప్పు ఉంటే, కానాగంత రక్తంలో దాదాపు అందులో మూడో వంతే. అంటే బతికున్నప్పుడు కూడా దాని ఒంట్లో నీరు మొప్పల గుండా పోతూనే ఉంటుంది! ఆ లోటు తీర్చుకోడానికి అది సముద్రపు నీళ్లే తాగుతుంది. వాటితో వచ్చిన ఉప్పుని మొప్పల్లోని ప్రత్యేక కణాలు శక్తి ఖర్చుపెట్టి బయటికి తోడేస్తాయి. ప్రాణం పోయాక తోడేవాళ్లు లేరు. పైగా లీటరు నీటిలో 350 గ్రాముల దాకా ఉప్పు కరుగుతుంది, మీ తొట్టిలో ఊరిన నీళ్లు సముద్రానికి పదింతలు ఉప్పన. కుళ్లబెట్టే బాక్టీరియా కణాల్లోంచి కూడా ఆ ఉప్పు నీరు లాగేస్తుంది. మీ అమ్మగారి చేప నిలవుండేది అందుకే.

ఇంకొకరు (గాజువాక):
సొర కూడా ఇంతేనా మాస్టారూ?

లెక్చరర్:
కాదమ్మా, సొర దారి వేరు. అది రక్తంలో యూరియా నిలవ చేసుకుంటుంది. దాంతో ఉప్పు, యూరియా కలిపి లోపలి గాఢత సముద్రంతో సమానంగా, ఇంకాస్త ఎక్కువగానే ఉంటుంది. నీరు దానంతటదే కొంచెం లోపలికి వస్తుంది, తాగే పనిలేదు. చచ్చాక బాక్టీరియా ఆ యూరియాని అమ్మోనియా చేస్తాయి. సొర కోసేటప్పుడు ముక్కుకి కొట్టే ఘాటు అదే.

ప్రశ్న అడిగినవారు:
పాపకి అంతా చదివి వినిపించాను. "అయితే మేఘాద్రిగెడ్డ రిజర్వాయరులోని మంచినీటి చేపకి ఇదంతా తిరగబడాలి కదా" అంటోంది.

లెక్చరర్:
తిరగబడుతుంది తల్లీ! మంచినీటి చేప ఒంట్లోకి నీరు చొరబడుతూనే ఉంటుంది. అది నీళ్లు తాగదు, పలచటి మూత్రం ధారాళంగా పోస్తుంది, మొప్పలతో నీటిలోంచి ఉప్పుని ఏరి లోపలికి తెచ్చుకుంటుంది.